తేలికపడిన పెడల్

జ్వరం తగిలి మూడు రోజులైంది. నాలిక మీద చేదు. ఆ చేదుతోనే లాకప్ ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాను. గోడ గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. రెండు గంటలకు లోపలున్న మెకానిక్కుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెడితే రిమాండు ఖాయం.

ఇరవై ఆరేళ్లు వాహనాల తనిఖీ ఆఫీసులో పని చేశాను. బండ్ల కింద దూరి దూరి నడుం అరగదీసుకున్నాను. ఉద్యోగం అయిపోయాక ప్రమాదాల మీద ప్రైవేటుగా విచారణలు చేస్తున్నాను. ఇంట్లో కూర్చుని మనవల్ని ఆడించుకోమని అందరూ అంటారు. ఆ మాటా నిజమే. మనవలు అబద్ధమాడితే ముద్దొస్తుంది. ఈ పనిలో అబద్ధాలు వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి.

సంగతి ఇది. ఈ ఉదయం ప్రింటింగ్ ప్రెస్సు యార్డులో ఒక పాత కారు ఉన్నట్టుండి ముందుకు దూకి, ప్రెస్సు కాపలా పెద్దాయన్ని గోడకేసి నొక్కేసింది. ఆసుపత్రికి చేరేలోపే ఆయన ప్రాణం పోయింది. కారు ప్రెస్సు యజమానిది. ‘నేనే నడుపుతున్నాను, యాక్సిలరేటర్ ఇరుక్కుపోయింది, నిన్న సాయంత్రమే రిపేరు చేయించాను’ అని ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. అంతే, షాపు తలుపు తియ్యకముందే మెకానిక్కుని ఎత్తుకొచ్చారు.

అతని భార్య పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. “అక్కా, ఆయన నట్టు బిగించాక ఇంకోసారి చూసుకునే రకం. రాత్రి తలుపు గడియ కూడా రెండుసార్లు చూస్తాడు. ఆయన తప్పు చెయ్యడు. కానీ చేశానేమో అని ఆయనే అనుకుంటున్నాడు. నాకు అదే భయం” అంది. ఆ చివరి మాటకే చెప్పులు వేసుకున్నాను.

“పెడల్ సంగతి మొదట్నుంచీ చెప్పు,” అన్నాను.

మెకానిక్ కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లో నిన్నటి మసి ఇంకా అలాగే ఉంది.

“గట్టిగా ఉందన్నారు మేడమ్. మామూలుగా నొక్కితే కదలదు. ఒంట్లో బరువంతా వేసి తొక్కితే ఒక్కసారిగా దిగిపోతుంది. నేనూ తొక్కి చూశా. నిజమే. పిక్క పట్టేసింది.”

“రోగం ఎక్కడుందో ఎలా పట్టుకున్నావ్?”

“పెడల్ నుంచి ఇంజనుకి ఒక కేబులుంటుంది. ఆ చివర గాలి వాల్వు. గొట్టంలో గుండ్రటి రేకు బిళ్ళ తిరుగుతూ ఉంటుంది, అది తెరుచుకున్నంత గాలి లోపలికి పోతుంది. ముందు కేబులు ఊడదీసి ఆ వాల్వుని వేలితో తిప్పా. కదల్లేదు. బిళ్ళ అంచు చుట్టూ నల్లటి జిగురు కట్టేసి గొట్టానికి పట్టేసింది. అయినా సరే, అంతటితో వదల్లేదు మేడమ్. ఇటు పెడల్ కూడా తొక్కి చూశా. వాల్వు బరువు లేకపోయినా కేబులు గరగరలాడింది. వంపు దగ్గర లోపలి తీగలు రెండు తెగి ఉన్నాయి. అంటే రెండు చోట్లా ఉంది.”

“ఏం చేశావ్?”

“కేబులు కొత్తది వేశా. వాల్వు విప్పి బిళ్ళ వెండి రంగు తేలేదాకా కడిగా. వెనక్కి లాగే స్ప్రింగు బాగానే ఉంది, ఉంచేశా. మూడు కిలోమీటర్లు తిప్పి చూశా. వెన్న మేడమ్.”

“మరి ఇరుక్కుపోయిందంటున్నారు.”

అతను తల దించేశాడు. “ఆ పెద్దాయన నాకు తెలుసు మేడమ్. ఒకప్పుడు లారీ డ్రైవరు. చూపు మందగించి స్టీరింగ్ వదిలేశాడు. మా షాపు ముందు నుంచి పోతూ, చప్పుడు విని బండి జబ్బు చెప్పేవాడు. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నా... ఏదో మరిచిపోయి ఉంటా. నేనే చంపానేమో.”

“నోర్ముయ్,” అన్నాను. కోపం నిజంగానే వచ్చింది. “ఏమో అనే మాట మీద సంతకం పెట్టకు. కారు ఎవరి చేతికిచ్చావ్?”

“రాత్రి ఏడింటికి. సార్ మెషీను దగ్గరున్నారు. అమ్మగారికి, అంటే సార్ భార్యకి, తాళం ఇచ్చా. ‘పెడల్ ఇప్పుడు బాగా తేలికైంది, పాత అలవాటుతో గట్టిగా తొక్కెయ్యొద్దని సార్‌కి చెప్పండమ్మా’ అన్నా. తలూపారు.”

“ఇన్‌స్పెక్టరుకి చెప్పావా ఈ మాట?”

“చెప్పా. అమ్మగారు అలాంటిదేం వినలేదన్నారట.”

“ఆవిడ అన్నారా? ఆవిడ అన్నారని సార్ అన్నారా?”

మెకానిక్ నా వంక వెర్రిగా చూశాడు. ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు.

ప్రెస్సు యార్డుకి చేరేసరికి పన్నెండుకి అయిదు నిమిషాలు. కారు గోడకి మూడడుగుల దూరంలో ఉంది. పెద్దాయన్ని బయటికి తీయడానికి వెనక్కి నెట్టారట. గోడ మీద చూడకుండా ఉండలేని మరక ఒకటుంది. చూశాను. తర్వాత బానెట్ వైపు తిరిగాను.

“వదినా! ఒళ్లు కాలిపోతుంటే ఎందుకొచ్చారు? అన్నయ్య చూస్తే నన్ను తిడతాడు.”

ఇన్‌స్పెక్టరు. మా ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. నా పెళ్లినాటికి నిక్కరేసుకుని నా వెనకాల తిరిగినవాడు ఇప్పుడు నడుముకి తుపాకీ పెట్టుకుని నాకు అడ్డం నిలబడ్డాడు.

“మీ అన్నయ్య నన్నే తిట్టలేడు, నిన్నేం తిడతాడు? పక్కకి జరుగు.”

“ఒంటిగంటకి బండి లాక్కెళ్లే లారీ వస్తోంది. ఫోటోలన్నీ తీసేశాం. కేసు అయిపోయింది వదినా.”

“కేసు అయిపోతే ఇక నేను ముట్టుకుంటే నీకేం నష్టం?”

అతను గట్టిగా ఊపిరి వదిలి దారిచ్చాడు. పాతికేళ్లుగా మా ఇద్దరి మధ్యా ప్రతి గొడవా ఇలాగే ముగుస్తుంది. వాడు ఓడిపోడు, విసుగెత్తి వదిలేస్తాడు.

బంపరు లోపలికి నొక్కుకుపోయింది, ముందు దీపం ఒకటి పగిలింది. వాల్వు ఇంజను వెనక భాగంలో ఉంటుంది. దెబ్బ అక్కడిదాకా రాలేదు. ముందు డ్రైవరు తలుపు తీసి పెడల్‌ని చేత్తో నొక్కాను. సాఫీగా దిగింది, వదిలితే సాఫీగా లేచింది. కింద పట్టా లేదు, అడ్డుపడే చెత్తా లేదు. తర్వాత ఇంజను వైపు కేబులు ఊడదీసి వాల్వు పిడిని వేలితో తిప్పి వదిలాను. టక్కుమని వెనక్కి వచ్చి కూర్చుంది. పదిసార్లు తిప్పాను, పదిసార్లూ టక్కుమంది. గాలి గొట్టం విప్పి టార్చి వేశాను. బిళ్ళ అంచు మెరుస్తోంది. కేబులు కొత్తది. ఎక్కడా మడత లేదు, ఒరిపిడి లేదు.

“అబ్బాయ్, ఇలా రా. ఇందులో ఇరుక్కోవడానికి ఏముందో చూపించు.”

“గుద్దిన అదురుకి ఊడొచ్చి ఉంటుంది.”

“అదురుకి జిగురు ఊడుతుందా? అయితే ఇంట్లో మూకుళ్లు తోముకోవడం ఎందుకు? గోడకేసి కొడితే సరి.”

పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. మా మరిది ముఖం ఎర్రబడింది. “నిన్న రిపేరు, ఇవాళ చావు. కోర్టుకి అంతకంటే ఏం కావాలి?”

“బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడితే కోర్టు ఒప్పుకుంటుందేమో గానీ నేను ఒప్పుకోను. నీ ఓనర్ని పిలువు. రెండు ప్రశ్నలు. తర్వాత నీ ఇష్టం.”

ప్రెస్సు యజమాని వచ్చాడు. యాభై అయిదు దాటిన భారీ మనిషి. చొక్కా మడత నలగలేదు. పొద్దున్న ఒక మనిషి పోయిన యార్డులో నిలబడి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడంటే, అంత దుఃఖంలోనూ పెట్టె తెరిచి వెతుక్కున్నాడన్నమాట. నాకు అప్పుడే మనసు విరిగింది. కానీ మనసు విరగడం సాక్ష్యం కాదు.

“ఎన్నింటికి జరిగిందండీ?”

“ఆరు ముప్ఫై అయిదుకి. ముప్ఫై ఎనిమిదికి అంబులెన్సుకి ఫోన్ చేశాను. మీ మరిదిగారు రాసుకున్నారు.”

“రోజూ అంత పొద్దున్నే లేస్తారా?”

“అబ్బే, రాత్రి షిఫ్టు చూసుకుని పడుకునేవాణ్ణి, ఏడు దాటితే గానీ లేవను. ఇవాళే, కాగితం స్టాకు చూడాలని త్వరగా లేచాను.”

“పెద్దాయన కారు ముందు ఏం చేస్తున్నాడు?”

“ఊడుస్తున్నాడు.”

“చీపురు?”

ఆయన యార్డంతా కలయజూశాడు. “ఎవరో తీసేసి ఉంటారు.”

“సరే. పెడల్ ఎలా ఉందో చెప్పండి. మీ మాటల్లో.”

ఇక్కడ ఆయనకి హుషారొచ్చింది. కష్టాలు చెప్పుకోవడం అందరికీ ఇష్టమే. “ఎలా ఉండటమేంటండీ! ఆ వెధవ ఏమీ చెయ్యలేదు. ఎప్పటిలాగే రాయి. కాలు పెడితే కదల్లేదు. బరువంతా వేసి తొక్కాను. ఒక్కసారిగా దిగి అలాగే ఉండిపోయింది. ఆరునెలల్నుంచీ ఇదే బాధ.”

“ఇవాళ పొద్దున్న కూడా అంతే గట్టిగా ఉంది?”

“ఇంకా ఎక్కువే.”

“ఒకసారి కూర్చుని, ఎంత బలంగా తొక్కారో చూపిస్తారా? బ్యాటరీ తీసేశాం, భయం లేదు.”

ఊడదీసిన కేబులు మళ్లీ తగిలించాను. ఆయన మా మరిది వైపు చూశాడు. మా మరిది భుజాలెగరేశాడు. ఆయన కూర్చున్నాడు. తలుపు పట్టుకుని, నడుం సీటుకి ఆనించి, ఆరునెలల అలవాటంతా కాల్లో పెట్టి తొక్కాడు.

పెడల్ చప్పున నేలకి అంటుకుపోయింది. అంత బలానికి అడ్డేమీ లేకపోయేసరికి మనిషి ముందుకి తూలి, మోకాలు స్టీరింగ్ కింద ఠపీమని కొట్టుకుంది. “అమ్మా” అన్నాడు. తర్వాత కిందకి వంగి పెడల్ వంక చూశాడు. అది పాములా కరిచినట్టు చూశాడు.

  మా మరిది జేబులోంచి చేతులు బయటికి తీశాడు. వాడు మొండివాడే గానీ మొద్దు కాదు.

“రిపేరయ్యాక ఈ బండిలో మీరు మొదటిసారి కూర్చోవడం ఇప్పుడేనండీ,” అన్నాను. “పొద్దున్న తొక్కి ఉంటే మీ కాలికి ఈపాటికి తెలిసుండేది.”

“కంగారులో ఏం గుర్తుంటుంది?” అన్నాడాయన మోకాలు రుద్దుకుంటూ. “నేనే నడిపాను. నా కారు, నా మాట. లాయరు లేకుండా ఇంకేం చెప్పను.”

“వదినా, ఇలా రండి.” మా మరిది నన్ను గేటు గదివైపు లాక్కెళ్లాడు. గొంతు తగ్గించాడు. “ఆయన కాకపోతే ఎవరు? మేడ మీద ఆయనా భార్యే ఉంటారు. ఆవిడకి లైసెన్సే లేదు. స్టీరింగ్ పట్టుకోవడం కూడా రాదట. డాక్టరు మత్తుమందిచ్చి పడుకోబెట్టాడు. ఇంకో పేరు లేకుండా మెకానిక్కుని వదిలేస్తే పైవాళ్లు నా తోలు తీస్తారు. పన్నెండు ముప్పావు అయింది.”

గేటు గదిలో కుర్చీ, మంచినీళ్ల సీసా, మూలన ఒద్దికగా ఆనించిన చీపురు. బల్ల మీద గేటు పుస్తకం. పెద్దాయనకి చూపు తక్కువ కాబట్టి అక్షరాలు ఇంతింత లావున రాసుకున్నాడు. యార్డు గేటు తీసిన వేళ, వేసిన వేళ, పక్కన కారణం. కాగితం లారీ. చెత్త బండి. మెషీను మనిషి. ఏదీ వదల్లేదు.

నేను వెనక్కి తిప్పుతూ పోయాను. తిప్పేకొద్దీ జ్వరం సంగతి మరిచిపోయాను.

“చూడు. ఆరు అయిదుకి తీశాడు. ఆరు ముప్ఫై అయిదుకి వేశాడు. ఇరవై రెండు రోజులుగా, ఒక్క రోజు తప్పకుండా. నిన్నొక్కటే లేదు, కారు మొన్న రాత్రే షాపుకి పోయింది కాబట్టి. కారణం గడి మాత్రం ప్రతిసారీ ఖాళీ.”

“మరిచిపోయి ఉంటాడు.”

“చెత్త బండికి కూడా కారణం రాసిన మనిషి ఇరవై రెండుసార్లు మరిచిపోతాడా? రాయొద్దని ఎవరో అడిగారు. ఆయన రాయలేదు. అలాగని అబద్ధమూ రాయలేదు.” ఇవాళ్టి గీత మీద వేలు పెట్టాను. ఆరు అయిదుకి తీశాను, అని ఉంది. వేసిన వేళ లేదు. “ఏడు దాటితే గానీ లేవని ఆయన పడుకున్న వేళ చూసుకుని, పాత లారీ డ్రైవరు ఒకరికి కారు నేర్పుతున్నాడు. చీపురు ఇక్కడే ఉంది. ఆయన ఊడవడం లేదు. కారు ముందు నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.”

మా మరిది పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. “ఆవిణ్ణి లేపాలి,” అన్నాడు.

లేపాల్సిన పని పడలేదు. మేం గది బయటికొచ్చేసరికి ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది. సన్నటి మనిషి, యాభై ఉంటాయి. కళ్లు ఉబ్బి మూతపడుతున్నాయి. రెయిలింగుకి ఆనుకుంది.

“నువ్వెందుకొచ్చావ్? పైకి పో,” అన్నాడు భర్త.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. “నన్నెవరూ ఏమీ అడగలేదండీ. పొద్దుట్నుంచీ ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను.”

నేను రెండు మెట్లెక్కి పక్కన కూర్చోమన్నాను. నిజానికి కూర్చోవాల్సిన అవసరం నాదే. “నేను అడుగుతున్నానమ్మా. మెకానిక్ నిన్న రాత్రి మీకేం చెప్పాడు?”

“పెడల్ తేలికైంది, గట్టిగా తొక్కొద్దని సార్‌కి చెప్పమన్నాడు. ఈయనకి చెప్పలేదు. చెప్తే నీకెందుకా గొడవ అంటారు. నేను కారు నేర్చుకుంటానన్నప్పుడు, నువ్వు స్టీరింగ్ పడితే ఊరు ఖాళీ చెయ్యాలి అని పనివాళ్ల ముందు నవ్వారు. అందుకే పెద్దాయన్ని బతిమాలుకున్నాను.” ఊపిరి తీసుకుంది. “ఆయనతో మాత్రం చెప్పానండీ. ‘అయితే ఇవాళ మెల్లగా అమ్మగారూ’ అని ఎప్పట్లాగే ముందు నిలబడ్డాడు. నేను వస్తుంటే వెనక్కి నడుస్తూ రా రమ్మంటాడు. అలా నేర్పేవాడు. మొండి బండి, మొత్తం బరువు వేసి తొక్కండి అని మొదటిరోజే చెప్పాడు. నాకు తెలిసిన తొక్కుడు అదొక్కటే. తల విన్నదండీ. కాలు వినలేదు.”

 నాకు కళ్లు మండాయి. జ్వరం వల్లే అనుకోవాలని చూశాను, కుదరలేదు.

మా మరిది ఫోన్ తీసి స్టేషనుకి చేశాడు. “మెకానిక్కుని జీపు ఎక్కించొద్దు. ఎక్కించేశారా? దించండి. కాదు, మళ్లీ లాకప్‌లోకి కాదు. బయట బల్ల మీద కూర్చోబెట్టండి. వాళ్లావిడ గేటు దగ్గరే ఉంటుంది, లోపలికి రానివ్వండి.” ఫోన్ పెట్టి ఆవిడ వైపు తిరిగాడు. గొంతులో పోలీసు తగ్గింది. “ఎన్నింటికి జరిగిందమ్మా?”

“గేటు తీశాక అయిదు నిమిషాలకి. ఆరు పది.”

మా మరిది పెన్ను ఆగిపోయింది. అంబులెన్సుకి ఫోన్ వెళ్లింది ఆరు ముప్ఫై ఎనిమిదికి. ఆ లెక్క నేనూ అప్పుడే వేశాను. 

“ఇరవై ఎనిమిది నిమిషాలు,” అన్నాను. “ఆ ఇరవై ఎనిమిది నిమిషాలూ ఏమైందమ్మా?”

“బతికే ఉన్నాడండీ.” ఆవిడ ఇప్పుడు నన్నే చూస్తోంది. “అరవలేదు కూడా. ‘కంగారు పడకండి అమ్మగారూ, రివర్సు వెయ్యండి, మెల్లగా’ అన్నాడు. వెయ్యబోయాను. ఈయన పరుగెత్తుకొచ్చి తలుపు తీసి నన్ను బయటికి లాగేశారు. లైసెన్సు లేదు నీకు, నోరు మూసుకుని పైకి పో, నేను చూసుకుంటానన్నారు. పైకి పోయాను. చూసుకుంటారనే అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే కారు అక్కడే ఉంది. ఈయన అటూ ఇటూ నడుస్తూ తనలో తను ఏదో చెప్పుకుంటున్నారు. ఏం చెప్పాలో వల్లె వేసుకుంటున్నారని తర్వాత తెలిసింది. నేనూ ఫోన్ చెయ్యలేదు. అది నా తప్పు, రాసుకోండి. కానీ ఆ మెకానిక్ పిల్లాడు ఏం చేశాడండీ?”

“మత్తుమందు వాగిస్తోంది దీన్ని!” యజమాని ఒక్క అంగలో మెట్ల దాకా వచ్చాడు. కానిస్టేబులు అడ్డం నిలబడ్డాడు. ఆయన వాడి భుజం మీదుగా భార్య మీద అరిచాడు. “ఇరవై ఎనిమిదా? ఎక్కణ్ణుంచి వచ్చింది ఇరవై ఎనిమిది? ఏదైనా కొండంతలు చేసి చెప్పడం అలవాటు నీకు! ఇరవై నిమిషాలు కూడా కాలేదు!”

మూడే నిమిషాల్లో అంబులెన్సుకి ఫోన్ చేశానన్న మనిషి నోటివెంట వచ్చిన ఆ మాట యార్డులో అందరికీ వినిపించింది. అన్నవాడికే అందరికంటే ఆఖర్న వినిపించింది.

మా మరిది నోటుబుక్కులో కొత్త కాగితం తిప్పాడు. పైన తేదీ వేశాడు, టైము వేశాడు. తర్వాత తలెత్తి, మా ఇంట్లో ఎప్పుడూ వినని మెల్లటి గొంతుతో అడిగాడు.

“ఎన్ని నిమిషాలన్నారండీ?”